ర్యాంకు సారూ, కార్పొరేటర్ లెటరూ

ఒకమ్మాయి భవిష్యత్తును నా చేతులతో నేనే తీసుకెళ్లి ఆస్పత్రి జనరల్ వార్డులో పడుకోబెట్టిన వైనం చెప్పబోతున్నాను. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, ముచ్చెమటలు పోశాయి.

కొన్నేళ్ల కిందట గౌలిపురలో నా అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరికీ నేను 'ర్యాంకు సార్'ని. మా నాన్న కంచన్‌బాగ్‌లో ఉద్యోగానికని గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాణ్ణి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజులొస్తే మా గుమ్మం ముందు చెప్పులు గుట్ట పడేవి. ఎవరైనా ర్యాంకు చెప్పడం ఆలస్యం, కళ్లు సగం మూసి, క్యాలిక్యులేటర్ నాలుగుసార్లు నొక్కి, "రెండో విడతలో వస్తుంది. ఊరవతల కాలేజీ. సివిల్" అనేసేవాణ్ణి. పదింట ఏడుసార్లు నిజమయ్యేది. మిగతా మూడుసార్లూ తప్పు ఆ పిల్లవాడిదే అని నా నమ్మకం. ఇంకేముంది, నెత్తి మీద కొమ్ములు మొలిచాయి.

ఒక ఆదివారం పొద్దున్న మాకు పాలు పోసే మల్లేశన్న పాలక్యాన్‌తోపాటు కూతుర్ని కూడా తీసుకొచ్చాడు. పిల్ల పేరు లావణ్య. ఇంటర్ రెండో సంవత్సరం.

"సారూ, ఈ పిల్ల ఏందో కాలేజ్ అంటది. చరిత్ర, జంతువుల సదువు రెండు కలిపి సదువుతదంట. గసుంటి కాలేజ్ ఉంటదా?"

"ఉంటది సార్" అంది లావణ్య. "లిబరల్ ఆర్ట్స్ అంటరు. ఉత్తరాదిల ఉంది. దేశం మొత్తంల కొంచెం మందినే తీసుకుంటరు. పూర్తి స్కాలర్‌షిప్ వస్తెనే నేను పోగల్గుత."

"ఎంట్రన్స్‌లో ర్యాంకు ఎంత?"

"ర్యాంకు ఉండదు సార్. మార్కులు, ఒక వ్యాసం, రెండు లెటర్లు, ఇంటర్వ్యూ."

ర్యాంకు ఉండదట! చేపకు నీళ్లుండవని చెప్పినట్టయింది నాకు. ఆ క్షణాన "నాకు తెలీదమ్మా" అని ఉంటే ఈ కథే లేదు. కానీ ర్యాంకు సార్ నోటికి ఆ మాట తిరగదే! మార్కులు అడిగాను. వాటిని దేనితోనో గుణించాను, ఇంకెందుకో భాగించాను. ఎందుకని మీరు అడగొద్దు, నాకూ తెలియదు.

"ఎనిమిది శాతం" అన్నాను గంభీరంగా.

మల్లేశన్న మొహం విరిగిన పాలలా అయింది. "ఒక్కపారే అని ఒప్పుకున్న సారూ. ఈ పారి రాకుంటె గల్లీ చివర కాలేజ్‌ల బీకామ్ల చేరాలె, మళ్ల ఈ ముచ్చటెత్తొద్దు. ఒట్టు గూడ వెట్టించుకున్న."

లావణ్య నా వైపు కాదు, నా క్యాలిక్యులేటర్ వైపే చూస్తోంది. ఆ చూపు చూసైనా నాకు బుద్ధి రావాల్సింది. రాకపోగా ఉత్సాహం వచ్చింది.

"రెండు లెటర్లన్నావే, ఎవరితో రాయిస్తున్నావు?"

"ఒకటి మా బయాలజీ మేడమ్ రాస్తరు. ఇంకోటి కాలేజ్ బయట మనల్ని మంచిగ ఎరిగినోళ్లు రాయాలె. పశువుల డాక్టరమ్మను అడుగుదామనుకుంటున్న సార్. మా బర్రె ఈనలేక పడిపోయిననాడు రెండు దినాలు ఆమెతోటే ఉన్న. దూడ బతికింది."

నేను పగలబడి నవ్వాను. "పశువుల డాక్టరా! సీటు నీకా, బర్రెకా?"

మల్లేశన్న కూడా మొహమాటానికి నవ్వాడు. పిల్ల నవ్వలేదు.

"చూడమ్మా, సిఫారసు లెటర్ అంటే పైన ఫొటో ఉండాలి, కింద గుండ్రటి ముద్ర ఉండాలి. కార్పొరేటర్ లెటర్ పట్టుకుందాం."

"ఆయన నన్ను ఎన్నడు చూడనే లేదు గద సార్?"

"ఆయన నిన్ను చూడక్కర్లేదు. కాలేజీవాళ్లు ఆయన ముద్ర చూస్తే చాలు." మళ్లీ క్యాలిక్యులేటర్ నొక్కాను. "అరవై ఎనిమిది శాతం!"

మల్లేశన్న ఆనందం పట్టలేక ఆ రోజు అర లీటరు ఎక్కువ పోశాడు. తీసుకున్నాను. అదింకా అరిగినట్టు లేదు.

కార్పొరేటర్ ఆఫీసులో లెటర్లు కొట్టే పని సలీం భాయ్‌ది. మనుషులకు రాగల కష్టాలన్నిటికీ ఆయన కంప్యూటర్‌లో ఒక్కో లెటర్ తయారుగా ఉండేది. నల్లా కనెక్షన్‌కు ఒకటి, బడిలో సీటుకు ఒకటి, దవాఖానలో మంచానికి ఒకటి. పేరు మార్చడం, ప్రింటు తీయడం, ముద్ర గుద్దడం.

"క్యా సార్, కాలేజ్ సీటా? ఫికర్ మత్ కరో! పిల్ల పేరు చెప్పుండ్రి."

"కొంచెం గట్టిగా ఉండాలి భాయ్."

"అరే, మస్తు గట్టిగుంటది! ఈ లెటర్ తీస్కపోయినోళ్లను ఇప్పటిదాంక ఎవ్వరు వాపస్ పంపలే."

మన దగ్గర కాగితం చదివే పద్ధతి ఒకటుంది. కింది నుంచి మొదలుపెడతాం. సంతకం ఉందా? ఉంది. ముద్ర పడిందా? పడింది. పైన ఫొటో నవ్వుతోందా? నవ్వుతోంది. నడుమ ఉన్న ఇంగ్లీషు ఎవరికి కావాలి! నేనూ అలాగే చదివాను.

"నేనొక్కసారి చదువుత సార్" అని లావణ్య చెయ్యి చాపింది.

"ముట్టుకోకు! సిఫారసు లెటర్ విద్యార్థి చదవకూడదు. అది రూలు." ఆ కాలేజీ గురించి నాకు తెలిసిన ఒకే ఒక్క రూలు అది. దాన్ని మాత్రం అక్షరాలా పాటించి, నేనే స్కాన్ చేసి పంపేశాను.

పన్నెండో రోజున తండ్రీకూతుళ్లు మా గుమ్మంలో నిలబడ్డారు. లావణ్య ఫోను నా చేతికిచ్చింది. కాలేజీ నుంచి మెయిలు. ఈసారి పైనుంచి కిందికి చదివాను. సారాంశం ఇదీ: 'ప్రజాప్రతినిధుల చేత సీటు కోసం ఒత్తిడి చేయిస్తే మేము దరఖాస్తును రద్దు చేస్తాం. అయితే మీ తరఫున వచ్చిన లేఖలో సీటు మాటే లేదు. మీరు నిరుపేద రోగి అనీ, జనరల్ వార్డులో వెంటనే మంచం ఇప్పించి, బిల్లులో రాయితీ ఇవ్వాలనీ ఉంది. మీ ఆరోగ్యం ఎలా ఉంది? మూడు రోజుల్లో వివరణ పంపగలరు.'

'మంచం' అన్న మాట నా నోటి నుంచి పైకే వచ్చేసింది.

"మంచమేంది సారూ?" అన్నాడు మల్లేశన్న. "హాస్టల్ మంచమా?"

"కాదు. ఆస్పత్రి మంచం."

"మా పిల్లకేం రోగం?"

"దానికేం లేదు మల్లేశన్నా. రోగం నాదే."

అంతటితో ఆగానా? ర్యాంకు సార్‌ని కదా! "కంగారు పడకండి. చిన్న జ్వరం వచ్చి తగ్గిందని రాద్దాం. సలీం భాయ్ దగ్గర మెడికల్ సర్టిఫికెట్ కూడా దొరకొచ్చు..."

"చాలు సార్!" లావణ్య గొంతు లేవడం నేను వినడం అదే మొదటిసారి. "మీరు ఆ క్యాలిక్యులేటర్ లోపట పెట్టుండ్రి. ఉన్నది ఉన్నట్టు నేనే రాస్త."

మా గడప మీదే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. నడుమ ఒకసారి తలెత్తింది. "మీ గురించి గూడ రాస్తున్న సార్."

"అవసరమా?"

"అవసరమే."

రాసి పంపింది. పశువుల డాక్టరమ్మ దగ్గర అసలు లెటర్ తీసుకుని అదీ పంపింది. నాకు మాత్రం సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆ పిల్లకున్నది ఒక్క అవకాశం. దాన్ని నేను నా గొప్ప కోసం వాడుకున్నాను. మల్లేశన్న గొంతు వినబడితే చాలు, పెరట్లోకి పారిపోయేవాణ్ణి. నెలన్నర పాటు పాలు లేని చాయే తాగాను.

ఒకరోజు ఆయన తలుపు బాదాడు. తప్పించుకోలేక తీశాను.

"అచ్చింది సారూ! సీటు అచ్చింది! స్కాలర్‌షిప్ గూడ మొత్తం ఇస్తరంట!"

నా కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు. వెనకాల లావణ్య నిలబడి, ఇన్నాళ్లకు నవ్వుతోంది.

"ఇంటర్వ్యూల సగం సేపు మీ గురించే అడిగిండ్రు సార్."

"నా గురించా? ఏమడిగారు?"

"ఎనిమిది శాతం ఎట్ల వచ్చింది, అరవై ఎనిమిది ఎట్ల అయింది అని."

"నువ్వేం చెప్పావు?"

"సార్‌కే తెల్వదని చెప్పిన. మస్తు నవ్విండ్రు."

మీరు గమనించారో లేదో, అసలు లెక్క ఇక్కడుంది. సలీం భాయ్ తొందరలో దవాఖాన లెటర్‌లో పేరు మార్చేయకుండా, నేనడిగిన సీటు లెటరే కొట్టి ఉంటే, దరఖాస్తు ఆ రోజే చెత్తబుట్టలో ఉండేది. ఆ పిల్లను నా తెలివి నుంచి కాపాడింది సలీం భాయ్ తొందర. ఈ సంగతి ఆయనకు చెప్పడం నా ఆఖరి పొరపాటు. "చూసిండ్రా సార్, నా లెటర్ పవర్!" అని గల్లీ గల్లీకి చాటుకున్నాడు.

లావణ్య కాలేజీకి బయల్దేరిన రోజు సాయంత్రం క్యాలిక్యులేటర్ మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఎవరి చాన్సూ శాతాల్లో చెప్పను. ఏ కాగితాన్నీ కింది నుంచి చదవను. పశువుల డాక్టర్లు ఎదురైతే నమస్కారం పెడతాను.

చెయ్యి ఇంకా తీయలేదు, గేటు చప్పుడైంది. ఎవరో పెద్దమనిషి.

"సార్, మావోడు గూడ ఆ లావణ్య పోయిన కాలేజ్‌కే రాస్తడంట. చాన్స్ ఎంతుంటది?"

"నాకు తెలీదండీ" అన్నాను. బతుకులో మొదటిసారి అన్నాను. ఎంత హాయిగా ఉందో!

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "చెప్పకుంటె చెప్పకపోండ్రి. నేను సలీం భాయ్ తాన మంచం లెటర్ తీస్కుంట" అని విసురుగా వెళ్లిపోయాడు.

మంచం లెటర్‌తో ఎంత శాతం రావచ్చని నా వేలు క్యాలిక్యులేటర్ మీద కదలబోయింది. ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని ఆపాను.