క్యూ కనిపిస్తే చాలు మా ఆయనకి

మా ఆయన టొకుజికి నలుగురు మనుషులు వరసగా నిలబడి కనిపిస్తే చాలు, వెళ్లి వాళ్ల వెనక నిలబడతారు. ఆ క్యూ దేనికో మాత్రం అడగరు.

"ఇంతమంది నిలబడ్డారంటే ఏదో మంచిదే అయ్యుంటుంది ఫుసాకో" అంటారు.

ఓసారి ముల్లంగి కొనడానికని వెళ్లి, చిన్నపిల్లల పళ్ల పరీక్ష క్యూలో గంటసేపు నిలబడ్డారు. డాక్టరమ్మ మర్యాదస్తురాలు. ఆయన పళ్లు కూడా చూసి, కుందేలు బొమ్మ ఉన్న బ్రష్షు చేతికిచ్చి పంపింది. ఇప్పటికీ దాంతోనే తోముకుంటున్నారు.

ఇంకోసారి నూడుల్స్ కోసమనుకుని ఒక గుడి ముందు నిలబడ్డారు. తీరా చూస్తే లోపల ఎవరివో అంత్యక్రియలు.

"తెలిశాకైనా వచ్చెయ్యొచ్చు కదండీ?"

"మధ్యలో వచ్చేస్తే పోయినాయన ఏమనుకుంటాడు?"

ధూపం వేసి, నలుగురితోపాటు ఏడ్చి, వచ్చినవాళ్లందరికీ ఇచ్చే తేయాకు పొట్లం పట్టుకుని ఇంటికొచ్చారు.

అలాంటి మనిషితో ఈ అక్టోబరులో యమదెరా బయల్దేరాను. కొండ మీద గుడి, వెయ్యికి పైగా మెట్లు. పెళ్లైన కొత్తలో సగం ఎక్కి, వానకి భయపడి దిగొచ్చేశాం. ఈసారి ఎలాగైనా పైదాకా వెళ్లాలని నా పంతం. కుడి మోకాలు అరిగిపోయిందని డాక్టరు చెప్పిన సంగతి ఆయన దగ్గర దాచాను. చెబితే ప్రయాణమే మానిపిస్తారు.

రైలు దిగిన దగ్గర్నుంచీ క్యూలే. మొదట సోబా నూడుల్స్ దుకాణం ముందు, తర్వాత పుల్లకి గుచ్చి అమ్మే కొన్యాకు దుంప ఉండల ముందు.

"నువ్వా బల్ల మీద కూర్చో. ఇద్దరం నిలబడితే వెనకవాళ్లు తిట్టుకుంటారు" అని ప్రతిసారీ నన్ను కూర్చోబెట్టడం. తిండి బాగుంది, కాదనను. మూడో క్యూ మాత్రం మరుగుదొడ్డిది.

"ఏమండీ! అది ఆడవాళ్లది!"

"అవునా? పొడుగ్గా ఉంటేనూ..."

నాకు ఒళ్లు మండిపోయింది. "మీ క్యూలతో ఇక్కడే పొద్దుపోయేలా ఉంది. పైన గుడి మూసేస్తారు!"

మెట్ల దగ్గరికి వచ్చేసరికి తుంపర మొదలై జనం పలచబడ్డారు. ఎక్కడా క్యూ లేదు. బతికాననుకున్నాను. మూడొందల మెట్లు ఎక్కానో లేదో, మోకాట్లో సూదులు గుచ్చినట్టయింది. పళ్లు బిగించి, పైకి నవ్వుతూ ఇంకో మెట్టెక్కాను.

ఆయన టక్కున ఆగారు. పక్కన ఎర్రటోపీ పెట్టుకున్న రాతి జిజో దేవుడున్నాడు. వెళ్లి ఆ విగ్రహం వెనక బుద్ధిగా నిలబడ్డారు.

"ఏం చేస్తున్నారండీ?"

"కనపట్లేదా? క్యూ. నువ్వా రాయి మీద కూర్చో."

"ముందున్నది రాతి దేవుడు!"

"అయితేనేం? మనకన్నా ముందొచ్చాడు కదా."

తిట్టుకుంటూనే కూర్చున్నాను. ఇంతలో గొడుగేసుకుని ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, ఆయన వెనకే నిలబడింది. మా దేశంలో జనమంతా అంతే, వరస కనిపిస్తే చేరిపోతారు.

"ఇది దేనికండీ?" అని మెల్లిగా అడిగింది.

"మా ఆవిడ మోకాలికండీ" అన్నారు ఈయన, నాకు వినపడదనుకుని. "గట్టిగా అనకండి. నాకు తెలీదనుకుంటోంది. కాసేపట్లో కదులుతుంది."

"అలాగా. తొందరేం లేదులెండి" అని ఆవిడ గొడుగు సర్దుకుంది. ఆవిడ వెనక ఇద్దరు కాలేజీ పిల్లలు చేరారు. వాళ్ల వెనక ఒక కుటుంబం.

ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ ముంచుకొచ్చిందో చెప్పలేను. నవ్వు ఆపుకుంటూ, ఏమీ విననట్టు కొండకేసి చూస్తూ, ఇంకో ఐదు నిమిషాలు తీరిగ్గా కూర్చున్నాను. తర్వాత లేచి పై మెట్టు మీద కాలు పెట్టాను.

క్యూ కదిలింది.