గ్రౌండుకు కట్టిన నీళ్లు

మా జట్టు ఆట ఉన్న రోజు పుంగనూరులో కొట్లన్నీ మూసేసేవారని ఇంట్లో చాలాసార్లు చెప్పాను. మూసేవారు కాదు. ఒక టీకొట్టాయన మాత్రం స్టవ్వూ పాలగిన్నే తెచ్చి గ్రౌండు గట్టు మీద పెట్టుకునేవాడు కాబట్టి ఆయన కొట్టు మూసి ఉండేది. జనం వేలల్లో వచ్చేవారన్నదీ అలాంటి మాటే. వచ్చినవాళ్లలో సగం మంది సోమలకు పోయే బస్సు కోసం కాచుకున్నవాళ్లు. హారను వినబడితే గోలు పడబోతున్నా లేచిపోయేవారు.

తొంభైల చివరి సంగతి ఇది. బెంగుళూరు వైపు ఊళ్లూ మా సరిహద్దు ఊళ్లూ కలిసి ఒక ఫుట్‌బాల్ లీగు నడిపేవి. మాది అందులో రెండో డివిజను. బాగా ఆడితే మొదటి డివిజనుకు పోవచ్చు. అట్టడుగున మిగిలితే లీగులో నుంచే తీసేస్తారు. మా ఆటగాళ్లకు నెలజీతాలు ఉండేవి. ఇచ్చేది మదనపల్లె టమోటా మార్కెట్టులో మండీ నడిపే షావుకారు. ఆయనకు సొంత తోటలు కూడా ఉండేవి. టమోటాకు ధర పలికితే ఆదివారం మాకు మటన్, ధర పడిపోతే చిత్రాన్నం. ఆ ఏడు చిత్రాన్నమే ఎక్కువ తిన్నాం.

నేను ఆ జట్టుకు మేనేజరును. అంటే, టెంపో డ్రైవరును. బంతులకు గాలి కొట్టడం, మోకాళ్లకు పట్టీలు కట్టడం కూడా నా మీదే పడింది కాబట్టి మేనేజరని చెప్పుకోవడంలో పెద్ద దోషం కనబడలేదు.

దొరలు ఫుట్‌బాల్ నేర్పిపోయిన బంగారు గనుల ఊరు దగ్గర కావడం వల్ల కుప్పం వైపు వాళ్లకే ఈ ఆట బాగా వచ్చు. మా గ్రౌండేమో పుంగనూరులో. చీకటితోనే మదనపల్లెలో బయలుదేరి, పలమనేరు మీదుగా కుప్పం పోయి, అక్కడివాళ్లను ఎక్కించుకుని మళ్లీ పుంగనూరుకు వచ్చేవాణ్ణి. సాయంత్రం వాళ్లను దింపి రావాలి. ఓడిన రోజుల్లో టెంపోలో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఎప్పుడూ ఓడుతుంటే ఓటమి గురించి కూడా మాట్లాడుకునేది ఉండదు. కిటికీకి తల ఆనించి నిద్రపోయేవారు. నాకు ఆ అవకాశం కూడా లేదు.

మా కెప్టెనుది కుప్పం. వెనక వరుసలో, గోల్‌కీపరుకు ముందు నిలబడి అడ్డుకునే ఆటగాడు. ముప్పై అయిదు దాటాయి. మోకాళ్లు అంతకు ముందే ముసలివైపోయాయి. పుంగనూరు గ్రౌండు గరుసు నేల. పడినవాడి చర్మం కొంత అక్కడే ఉండిపోయేది. షావుకారు ఆ ఏడు మొదట్లోనే అతనికి ఒక మాట చెప్పాడు.

“ఈ ఒక్క ఏడు జట్టును నిలబెట్టప్పా. వచ్చే ఏడు నుంచి నువ్వు ఆడే పని లేదు. కోచ్‌గా ఉందువు. పడిపోయిందంటే మాత్రం నాకూ ఓపిక ల్యా. మూసేస్తా.”

కోచ్ పని దొరక్కపోతే అతనికి మిగిలింది కుప్పంలో గ్రానైటు పాలిష్ చేసే షెడ్డు. వాళ్లన్న అప్పటికే అందులో చేరి దగ్గుతున్నాడు. కెప్టెను ఆ దగ్గు గురించి ఒకసారి చెప్పి, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

చివరి ఆట మా గ్రౌండులోనే. గెలవక్కర లేదు, సమానంగా ముగిస్తే చాలు, నిలబడతాం. ముందురోజు మధ్యాహ్నం ప్రాక్టీసు అయ్యాక గ్రౌండులో నేను కెప్టెను మోకాలికి పట్టీ మారుస్తుంటే షావుకారు వచ్చాడు.

“ఏమప్పా, ఇట్లా వాసిపోయిండాది?”

“నేల అట్లుండాదన్నా. బండ మీద పడినట్టే.”

షావుకారు చెప్పు విడిచి, మడమతో నేలను నొక్కి చూశాడు. తోటలో మొక్క మొదట్లో చూసినట్టే చూశాడు. “బాగా ఎండిపోయిండాది. ఒక తడి ఇయ్యాల.”

గ్రౌండు వెనకే ఆయన బావమరిది తోట, బోరు. ఇంకొకరైతే బిందెలతోనో పైపుతోనో పైపైన చల్లించేవారు. ఈయన పంచె ఎగ్గట్టి, పార తీసుకుని, గట్టు తెంచి కాలువ తీశాడు. నీళ్లు సున్నపు గీతలను కలుపుకుంటూ మైదానం మధ్యలోకి వచ్చాయి. తోటకు నీళ్లు కట్టేవాడికి తృప్తి ఒకటే. చివరి మడి దాకా పారాలి. మా గ్రౌండులో పల్లంగా ఉన్న చివరి మడి పడమటి గోలు ముందు భాగం. అక్కడ నీళ్లు నిలిచాక ఆయన మొహం విప్పారింది.

“సూడు, కడదాకా పారినాది.”

నేను అప్పుడే వద్దన్నానని చాలామందికి చెప్పాను. అనలేదు. “మెత్తగా ఉంటాదిలేన్నా” అన్నాను. కెప్టెను పాదంతో నేలను నొక్కి నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులైంది.

మర్నాటికి పైన ఆరి, నేల బాగానే కనబడింది. మొదటి సగం గోలు లేకుండా గడిచింది. మావాళ్లు పడుతున్నారు, లేస్తున్నారు, రక్తం లేదు. మా పొట్టి ఫార్వర్డు ఒకడు జారి బోర్లా పడితే గట్టు మీద నుంచి ఎవరో అన్నారు.

“ఒరే పుంగనూరు పొట్టి ఆవా, ఆడ మేత ల్యాదురా, లెయ్.”

“మేపేవోడివి నువ్వుండావు గదా, దిగి రా” అన్నాడు వాడు లేస్తూ. టీకొట్టాయన కూడా నవ్వాడు.

రెండో సగంలో పడమటి గోలు మా వైపుకు వచ్చింది. ఆట ముగియబోతోంది. బంతి కెప్టెను కాళ్ల దగ్గరకు వచ్చింది, చుట్టూ ఎవరూ లేరు. ఏడంతా చేసినట్టే, వెనక్కి మా గోల్‌కీపరు వైపు కాస్త తాకించాడు. మా గరుసు నేల మీద అంత చాలు, మిగతా దూరం బంతి తనే పోయేది. అలసిపోయినప్పుడల్లా అతను తీసుకునే విశ్రాంతి అది. ఆ రోజు బంతి దారి మధ్యలో బురదలో దిగి ఆగిపోయింది. కీపరు అది వస్తుందని నిలబడి చూస్తున్నాడు. అవతలి జట్టువాడు చూస్తూ నిలబడలేదు. కెప్టెను వాడి కాళ్ల ముందుకు జారుతూ పడ్డాడు గానీ, అప్పటికే బంతి వలలో ఉంది.

అది ఆఫ్‌సైడని ఇప్పటికీ వాదిస్తాను. కాదు.

ఈల మోగాక షావుకారు చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోకి వచ్చాడు. కెప్టెను ఇంకా అక్కడే కూర్చున్నాడు.

“నేనిచ్చిన తడేనప్పా ఇది” అన్నాడు షావుకారు.

కెప్టెను మోకాలి మీద బురద తుడిచి చూసుకున్నాడు. “ఏడంతా పడినదాంట్లో ఈపొద్దే నొప్పి ల్యాదన్నా.”

షావుకారు వెనక్కి తిరిగాడు. గట్టు దాకా నడిచి, తను తీసిన కాలువలోకి కాలితోనే మట్టి తోశాడు. చాలాసేపు తోశాడు. జట్టు ఆ నెలతోనే ఆగిపోయింది.

ఆ సాయంత్రం కుప్పంలో దిగుతూ కెప్టెను పట్టీ విప్పి నా చేతికిచ్చాడు. “ఇంక పొద్దున్నే వచ్చే పన్లేదులే మామా.”

“అట్లేలేప్పా” అన్నాను. పట్టీని సీటు కింద పెట్టి టెంపో తిప్పాను.

తరవాత అతన్ని తరచూ చూసి వచ్చేవాణ్ణని చెబుతుంటాను. పోయింది ఒక్కసారే, రెండువేల సంవత్సరం దాటాక, వేరే కిరాయి మీద. షెడ్డులో రాయి కోసే మిషను మీద నీళ్లు ఆగకుండా పడుతున్నాయి. రాతిపిండి కలిసిన తెల్లటి నీళ్లలో చీలమండల దాకా మునిగి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మిషను ఆపాడు.

“మోకాలు ఎట్లుండాదప్పా?” అన్నాను.

“బాగుండాది మామా. ఈడ పడే పనేముండాది” అని, దగ్గి, మళ్లీ మిషను వేశాడు.