ఆఖరి ఉరుము తర్వాత అరగంట

ఆగిరిపల్లి దగ్గరి మామిడి తోటల్లో ప్రమీలారాణికి పన్నెండు మంది ముఠా ఉంది. మగవాళ్లు కాయలు కోస్తే ఆడవాళ్లు సైజువారీగా ఏరి ట్రేలలో సర్దుతారు. ఆమెకు నలభై ఆరేళ్లు. పని బాగా చేయిస్తుందని పేరు. మబ్బు పడితే మాత్రం ఆమెతో వేగలేమని వ్యాపారులు అంటుంటారు.

నాలుగేళ్ల క్రితం ఇలాంటి కోతల్లోనే ఆమె తోడికోడలు భవాని పిడుగుపాటుకు చనిపోయింది. ఇద్దరూ ఒకే చెట్టు కింద ఉన్నారు. భవాని మొదలుకి ఆనుకుని నిలబడింది, ప్రమీలారాణి నాలుగడుగుల అవతల. ఆమె బతికింది గానీ ఎడమ చెవి సరిగా వినపడదు. ఆసుపత్రిలో ఒక నర్సు చెప్పిన మాటలు ఆమె మర్చిపోలేదు. ఉరుము వినపడిందంటే పిడుగు మన మీద పడేంత దగ్గర్లో ఉన్నట్టే. చెట్టు కింద నిలబడకూడదు, శ్లాబు ఇంట్లోకో తలుపులు మూసిన బండిలోకో వెళ్లాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు.

ఈ మే నెలలో ఒక రోజు వెంకటకృష్ణారావు అనే వ్యాపారి కాపు కొన్న తోటలో కోతకి దిగారు. మధ్యాహ్నం మూడింటికి గాలి ఆగిపోయింది. మైలవరం వైపు మబ్బు నల్లగా లేచింది. ఫోన్లకు పిడుగుల హెచ్చరిక వచ్చింది. కాసేపటికి దూరంగా ఉరిమింది.

"దిగండి అందరూ!" అని కేకేసింది ప్రమీలారాణి.

"ఇంకొక్క కొమ్మ అక్కా," అన్నాడు చెట్టు మీది సలోమోను.

"కొమ్మ రేపూ ఉంటుంది. నువ్వు దిగు."

అతను దిగేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

"చినుకైనా పడలేదు, ఏంటమ్మా ఇది? అవతల లారీ ఆగి ఉంది," అన్నాడు వెంకటకృష్ణారావు.

"లోడు తర్వాత ఎత్తుదామండీ. మీరూ వచ్చేయండి."

రోడ్డు పక్కన తోట యజమాని కట్టించిన శ్లాబు గది ఉంది. ఆమె అందరినీ లోపలికి తోలి, కిటికీలు మూయించి, స్విచ్చు బోర్డుకి దూరంగా కూర్చోబెట్టింది. గాలీ వానా విరుచుకుపడ్డాయి. కాయలు రాలుతున్న చప్పుడు గదిలోకి వినపడుతూనే ఉంది. వెంకటకృష్ణారావు తల పట్టుకుని కూర్చున్నాడు.

ముప్పావుగంటకు వాన వెలిసింది. తలుపు సందులోంచి ఎండ కనపడగానే అతను లేచాడు.

"ఇంకేంటి, పదండి."

"ఉరిమి పది నిమిషాలే అయిందండీ. ఇంకో ఇరవై ఆగాలి."

"ఎండ కాస్తుంటే పిడుగేంటమ్మా? మీ తోడికోడలు పోయిన దగ్గర్నుంచి నీకు ప్రతిదీ భయమే."



"ఆ రోజు భవాని మేం వచ్చిన వ్యాన్లోకి వెళ్లిపోతోందండీ," అంది ప్రమీలారాణి. "తడిసిపోతావే, చెట్టు కిందకి రా అని నేనే పిలిచాను."

ఆ సంగతి ముఠాలో ఎవరికీ తెలియదు. సలోమోను తల దించుకున్నాడు. వెంకటకృష్ణారావు తలుపు గడియ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఇంకో పది నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి గది తెల్లగా వెలిగింది, వెంటనే చెవులు చిల్లులు పడేలా చప్పుడైంది. గోడ మీది బల్లి కింద పడింది. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకున్నారు. సలోమోను కిటికీ అద్దంలోంచి చూశాడు. గట్టు మీది తాటిచెట్టు మొవ్వు పొగలు కక్కుతోంది. అంతకుముందు వాళ్లు కాయలు సర్దిన చోటికి అది యాభై అడుగులు కూడా ఉండదు.

వెంకటకృష్ణారావు గడియ వదిలి నేల మీద కూర్చున్నాడు.

"ఎంతసేపు ఆగాలమ్మా?" అని అడిగాడు.

"మళ్లీ మొదట్నుంచి అరగంటండీ," అని ఆమె ఫోన్లో టైము చూసుకుంది.

ఐదు దాటాక బయటికి వచ్చారు. రాలిన రసాల కాయలు బురదలో పరుచుకుని ఉన్నాయి. పగలనివి ఒక ట్రేలో, పగిలినవి ఇంకో ట్రేలో వేయడం మొదలుపెట్టారు. వెంకటకృష్ణారావు కూడా ప్యాంటు మడిచి వాళ్లతోపాటు వంగాడు. లారీ మర్నాడు పొద్దున బయల్దేరింది.