నిప్పు దగ్గర నాన్న డ్యూటీ

నా పెళ్ళి కాకముందు మాట... నాన్న యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఏడాది, వరి పండే మా పామర్రు వైపు కూడా బియ్యానికి రేషను వచ్చింది. సగం బియ్యం ఇచ్చి, మిగతా సగానికి గోధుమలు కొలిచేవారు. వాటిని ఏం చేసుకోవాలో మా వీధిలో ఎవరికీ తెలీదు. అమ్మ అన్నంలా వండితే ముద్ద గొంతు దిగేది కాదు...

ఒకరోజు పొద్దున్నే నాన్న ఆ గోధుమలు తిరగట్లో పోసి నన్ను విసరమన్నాడు. పిండి తడిపి, ముద్ద తీసుకుని, రెండు అరచేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు టపటపా కొట్టాడు. పీట లేదు, కర్ర లేదు. చూస్తుండగానే గుండ్రటి రొట్టె... పెనం మీంచి తీసి నిప్పుల మీద వేస్తే బూరెలా పొంగింది.

అన్నయ్యా నేనూ ఆవురావురుమని తిన్నాం. అమ్మ మాత్రం ముట్టుకోలేదు.

నాన్న మగ్గం నేసేవాడు. నూలు దొరక్క, మగ్గం గుంటలో కోడి పొదగడం మొదలుపెట్టాక దొరల పటాలంలో చేరాడు. వెళ్ళేముందు మంచినీళ్ళు కూడా తనంతట తాను ముంచుకుని ఎరగడు. తిరిగొచ్చాక ఎవరేం అడిగినా ఒకటే మాట... "నా డ్యూటీ అంతా నిప్పు దగ్గరే." ముంజేతుల మీద కాలిన మచ్చలు చూసి, ఫిరంగుల దగ్గర పనిచేశాడని ఊరంతా అనుకుంది.

రొట్టెలు చేసిన రోజు పక్కింటి కోటమ్మత్త గోడ మీంచి తొంగి చూసింది. "ఏమే రత్తమ్మా, మగాడి చేతికి అంత గుండ్రటి రొట్టె ఊరికే వస్తుందా? ఏ మహాతల్లి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిందో!" అని నవ్వింది.

అమ్మ నవ్వలేదు.

ఆ రోజుల్లోనే అన్నయ్య ఎస్సెల్సీ ప్యాసయ్యాడు. యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళ పిల్లలకు కాలేజీలో స్కాలర్‌షిప్పు ఇస్తున్నారని బడి మాస్టారు కబురు తెచ్చారు. నాన్న బెజవాడలో సైనికుల సంగతులు చూసే ఆఫీసుకు వెళ్ళి చెప్పుకోవాలట. అది రాకపోతే అన్నయ్యకు కాలేజీ లేదు, మళ్ళీ ఆ మగ్గమే.

"చూద్దాంలెండి మాస్టారూ" అన్నాడు నాన్న. చూళ్ళేదు. ఈ వారం నడుం నొప్పి, పై వారం నూలు వస్తుందట... కాలేజీలో చేరే గడువు దగ్గరికొచ్చేస్తోంది. అన్నయ్య అన్నం సరిగ్గా తినడం మానేశాడు.

అమ్మ రొట్టెనూ ఆఫీసునూ కలిపి ముడేసింది. ఈయన ఆఫీసుకు ఎందుకు వెళ్ళడు? అక్కడ ఇంకో పెళ్ళాం పేరు ఉంది కనక! ఆ డబ్బులు ఆవిడ పిల్లలకే పోతాయి కనక!

"మీ నాన్న పెట్టె తెరిచినప్పుడు చూడవే... గాజులూ పూసలూ ఏమన్నా ఉన్నాయేమో" అని నన్ను కాపలా పెట్టింది. చూశాను. ఒక కంబళి, ఒక ఇత్తడి గరిటె. ఆ మాట చెప్పగానే అమ్మ ముఖం ఎర్రబడింది. "గరిటా? మగాడి పెట్టెలో గరిటెందుకే! ఆవిడ గుర్తుగా ఇచ్చింది!"

నాన్న మళ్ళీ రొట్టెలకు కూర్చున్నప్పుడు, ఆ గరిటె తెచ్చి పొయ్యి ముందు పడేసింది.

"ఆవిడ పేరేంటో చెప్పండి."

"ఎవరే?"

"ఈ గరిటె ఇచ్చినావిడ. మీకు రొట్టెలు నేర్పినావిడ."

నాన్న చేతుల్లో పిండి అలాగే ఉండిపోయింది. తర్వాత పెద్దగా నవ్వాడు... నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఆవిడకి ఇంతింత మీసాలే, పిచ్చిదానా! పంజాబు సర్దారు. మా పెద్ద వంటవాడు. ఆయన కింద నేను రొట్టెలు కాల్చాను. నిప్పంటే పొయ్యిలో నిప్పే... తుపాకీ ముట్టుకోనేలేదు." తల దించుకున్నాడు. "వంటవాడి కొడుక్కి ఎవరిస్తారే స్కాలర్‌షిప్పు? అడిగితే ఊళ్ళో ఉన్న పరువు కూడా పోతుంది."

అమ్మ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "అయితే పదండి బెజవాడ. నేనూ వస్తా. నా చెవులతో వినాలి."

మర్నాడు నలుగురం బస్సెక్కాం. ఆఫీసులో గుమాస్తాగారి ముందు నిలబడి, "వంటవాడిగా చేశానండి..." అన్నాడు నాన్న, వినిపించీ వినిపించకుండా.

"అయితే ఏంటయ్యా? తుపాకీ పట్టినవాళ్ళు పస్తులుండి యుద్ధం చేశారా? పటాలంలో నీ పేరుంటే చాలు" అంటూ ఆయన ఏదో రిజిస్టరు తిరగేశారు. "భార్య రత్తమ్మ. ఒక కొడుకు, ఒక కూతురు. ఇంతేగా?"

తలుపు చాటున ఉన్న అమ్మ ముందుకొచ్చేసింది. "ఇంకెవరూ లేరు కదా బాబూ? కాస్త సరిగ్గా చూడండి!"

"ఇంకెవరుంటారమ్మా?"

నాన్న పైకప్పు వంక చూశాడు. అన్నయ్య నేల చూపులు చూశాడు. అమ్మ మాత్రం ఎన్నాళ్ళకో తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే ఆయన అమ్మ కొంగు వెనకున్న నన్ను చూశారు. "ఈ అమ్మాయి చదువుకున్నా ఇస్తారు" అన్నారు.

నేను కొంగు వదిలేశాను. నాన్న యుద్ధానికి వెళ్ళినప్పుడే ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. అప్పటినుంచీ అమ్మ పక్కన, దొరికినప్పుడల్లా కూలికి నూలు కండెలు చుట్టడమే. నేను నోరు తెరిచేలోపే అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగేసింది. "ఆడపిల్లకి కాలేజీ డబ్బులిస్తారటే! ఇందులో ఏదో మోసం ఉంది. పద, పద."

అన్నయ్యకు స్కాలర్‌షిప్పు వచ్చింది. ఆ తర్వాత నాన్న దాపరికం లేకుండా వాకిట్లోనే కూర్చుని రొట్టెలు చేసేవాడు. కోటమ్మత్త కూడా వచ్చి నేర్చుకుంది...

ఇప్పుడు నేను మైలవరంలో కాపురం చేస్తున్నాను. దొరలు వెళ్ళిపోయారు, అన్నయ్య పెద్ద చదువులో ఉన్నాడు. రేషను గోధుమలు మాత్రం ఇక్కడిదాకా వచ్చాయి. నేను అరచేతుల మధ్య రొట్టె కొడుతుంటే, "ఎవరు నేర్పారమ్మాయ్?" అని మా అత్తగారు అనుమానంగా చూస్తారు. మా నాన్న అంటే నమ్మరు.

ఆవిడ అనుమానం ఆవిడది. నాకున్నది ఒక్కటే... ఆ రోజు గుమాస్తాగారు నవ్వులాటకి అన్నారా, నిజంగానే అన్నారా? పత్రికలో ఈ ఆడవాళ్ళ పేజీ చదివే అక్కచెల్లెళ్ళలో ఎవరికైనా తెలుసా? మీ వైపు ఆ సాయంతో ఏ ఆడపిల్లయినా కాలేజీ గడప తొక్కిందా? తొక్కి ఉంటే రాయండి...

ఆవిడ పేరేంటో కూడా చెప్పండి.