సునీతా దీదీ పక్కన ఉంటే సరైన జవాబు

దెయ్యాలూ మహిమలూ అంటే నాకు ఒళ్లు మంట. పిల్లి ఎదురొచ్చిందని మా అత్తగారు గుమ్మంలో ఆగిపోతే, కావాలనే ముందు నడిచేదాన్ని. అందుకే ఇది చెప్పడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది.

ఢిల్లీ జనక్‌పురి నుంచి మెట్రోలో నోయిడా ఆఫీసుకు వెళ్లేదాన్ని. కొత్త ఉద్యోగం, ఇంకా కన్ఫర్మ్ కాలేదు. ఆ శుక్రవారం నాలుగింటికి మేనేజరుకు నా సి ప్రోగ్రామ్ నడిపి చూపించాలి. తేడా వస్తే మూటాముల్లె సర్దుకోవడమే.

రెండు మాత్రికలను గుణించడం, అంతే. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలు చేసే పని. నాకేమో నడిపిన ప్రతిసారీ గడుల్లో పిచ్చి అంకెలు. కాగితం మీద గుణించి చూస్తే జవాబు వేరు. మధ్యలో విలువలు చూద్దామని ఒక ప్రింట్ లైను పెడితే తప్పు ఇంకో గడిలోకి పోయేది. ఏడుపొక్కటే తక్కువ.

రెండున్నరకు నా సీటు కింద తుడవడానికి సునీతా దీదీ వచ్చింది. మా ఫ్లోర్ అంతా ఆవిడే ఊడ్చి తుడిచేది. కుర్చీ జరుపుతూ విసుగ్గా రన్ నొక్కాను. తొమ్మిది గడులూ సరిగ్గా వచ్చాయి! ఆవిడ పక్క వరసలోకి వెళ్లాక మళ్లీ నొక్కాను. చెత్త.

ఛ, కాకతాళీయం అనుకున్నాను. దీదీని వెనక్కి పిలిచాను. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. పదకొండుసార్లు చూశాను. ఆవిడ పక్కన ఉంటే ఒప్పు, వెళ్తే తప్పు. పక్క సీటు తరుణ్ అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

దీదీ బెదిరిపోయింది. "మేడమ్, కిసీకో మత్ బోల్నా" అంది. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

నాలుగింటికి సిగ్గు విడిచి బతిమాలాను. మేనేజరు చూస్తున్నంతసేపూ ఆవిడ నా వెనక అద్దాలు తుడుస్తూ నిలబడింది. అంకెలన్నీ సరిగ్గా వచ్చాయి. "ఠీక్ హై" అన్నాడాయన. నా ఉద్యోగం నిలిచింది.

సోమవారం తప్పు దొరికింది. జవాబు గడులను ముందుగా సున్నా చేయడం మరిచాను. మెమరీలో మిగిలిన పాత చెత్త మీదే కూడుతోంది. తప్పు ఎందుకొచ్చిందో అర్థమైంది. ఒప్పు ఎలా వచ్చిందో ఎంత తవ్వినా తేలలేదు.

నాకు నోటి దురద ఎక్కువ. ఒకరోజు లంచ్‌లో ఇదంతా జోకులా చెప్పేశాను. అందరూ పడీపడీ నవ్వారు. మర్నాటి నుంచి, "దీదీ, జరా ఇధర్ ఖడీ హో జావో" అంటూ ప్రతివాడూ తన సీటు దగ్గరికి పిలవడమే. తర్వాత ఎవరి పనో చెడితే ఆవిడ నీడ పడిందన్నారు. నెల తిరక్కుండా కాంట్రాక్టరు ఆవిడను తీసేశాడు. నేను ఫోన్ చేస్తే స్విచాఫ్.

ఆ పదకొండుసార్లూ ఏం జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఇచ్చిన మాట ఎందుకు తప్పానో మాత్రం తెలుసు. నలుగురూ నవ్వుతారని.