పెద్దమ్మ అట్టిపెట్టిన ముద్ద

కుళాయి బాగుచేసే అతను పొద్దున ఫోనులో 'యేఊన్ రాహిలో', వస్తున్నా, అన్నాడు. మధ్యాహ్నమూ అదే మాట. నేను తుకుం పేటలోని మా ఇంటి గేటు దాకా నడిచి, వెనక్కి వచ్చి, గడియారం చూసి, మళ్ళీ నడుస్తున్నాను. వస్తున్నానని చెప్పడానికి 'యేత్ ఆహే' అనాలని ఉద్యోగకాలమంతా పిల్లలకు మరాఠీ బోధించినవాణ్ణి. మా విదర్భలో ఎవరూ అట్లా అనరు. ఇక్కడివారి మాట, పుస్తకాల మరాఠీ మాట్లాడే పుణెవారి చెవికి, వచ్చి ఉండిపోయాడన్నట్టు తోస్తుంది. క్రియకు కాలం ఒక్కటే చాలదు. పని నడుస్తోందా, ముగిసిందా అన్నదీ తెలియాలి. ముగిసినదానికి హిందీలో 'చుకా' చేరుస్తారు, తెలుగులో మనం 'చేసేశాను' అంటాం. రష్యన్‌లో నడిచే పనికొకటి, ముగిసిన పనికొకటిగా క్రియలే జంటలుగా ఉంటాయట. స్వభావరీత్యా నాది ముగిసిన పనుల పక్షం. మా పెద్దమ్మది నడిచే పనుల పక్షం.

కాలేజీ చదువుకు నేను ఇక్కడికి దగ్గరలోని దుర్గాపూర్‌లో ఆమె క్వార్టర్లో ఉండేవాణ్ణి. పెద్దబాపు బొగ్గుగనిలో, మా మాటలో బాయిలో, పనిచేసేవారు. ఆయన డ్యూటీ దిగి ఇంటికి చేరేదాకా పెద్దమ్మ జొన్నరొట్టెలు పూర్తిచేసేది కాదు. అన్నీ కాల్చి, ఒక్క పిండిముద్దను గిన్నె కింద బోర్లించి అట్టిపెట్టేది. ఆ క్వార్టర్ల వరుసలో మన తెలుగు ఆడవాళ్ళందరిదీ అదే పద్ధతి. పక్కింటి మరాఠీ ఆవిడ "భాకరీ ఝాల్యా కా?" అని గోడ మీదుగా అడిగితే, అయ్యాయని చెప్పక "కరూన్ రాహిలీ", చేస్తూనే ఉన్నా, అనేది. పుస్తకాలు వరుసగా పేర్చుకుంటే తప్ప నిద్రపట్టని నాకు ఆ ముద్దను చూస్తే చేతులు దురదపెట్టేవి. ఒకసారి కారణం అడిగాను. "పని అయిపోతే ఎదురుచూసుడు ఒక్కటే మిగులుతది బిడ్డా" అంది.

ఒకనాడు డ్యూటీ ముగిసే సైరన్ మోగి చాలాసేపయినా పెద్దబాపు రాలేదు. బాయి దగ్గర హాజరీ రాసే అతను సైకిలు దిగకుండానే గేటు దగ్గర నిలబడి చెప్పాడు: "అక్కా, బాయిల కప్పు కూలింది. తొవ్వ మూసుకపోయింది. మనోళ్లు అవతల చిక్కుకున్నరు."

పెద్దమ్మ పొయ్యి ముందునుంచి లేవలేదు. "సప్పుడు వస్తుందా?"

"లోపట్నుంచి కొడుతుండ్రు. వినొస్తుంది. ఇవతల మట్టి తీస్తుండ్రు."

"తియ్యనియ్యి" అని, ఆరిపోతున్న పొయ్యిలో ఒక కట్టె ఎగదోసింది.

నాకు ఒకటే తెలియాలి: మనిషి బతికి బయటపడ్డారా, లేదా. బాయి దగ్గరికి పోతే ఎవరినీ లోపలికి రానివ్వడంలేదని వెనక్కి పంపారు. ఇంట్లో బిందెలు సర్దాను. సర్దినవే మళ్ళీ సర్దాను. చివరికి ఉండబట్టలేక, పొయ్యి ఆరిపోతుంది, ఆ ఒక్క ముద్ద చేసెయ్యమన్నాను.

"నీ కాళ్ళకు చక్రాలున్నయా ఏంది? గడప అరుగుతుంది. ఇంత సదువుతున్నవు, ఒక్క పూట కూసోరాదు నీకు" అంది. ఆమె ఏడవలేదు. పిండి ఎండకుండా మధ్యమధ్య గిన్నె ఎత్తి ముద్దమీద నీళ్ళు చిలకరించేది.

దీపాలు పెట్టే వేళకు ఇద్దరి భుజాలమీద చేతులు వేసి పెద్దబాపు వాకిట్లోకి వచ్చారు. ఒక కాలు నేలకు ఆనడం లేదు. బొగ్గుమసి పట్టిన మొహంలో కళ్ళు తప్ప మరేమీ కనబడవు.

"ఏందే, ఇంకా రొట్టెలే అయితలేవా?"

"చేస్తున్న. కాళ్ళు కడుక్కో" అని పెద్దమ్మ ముద్ద తీసింది. రొట్టె కొట్టడంలో ఆ వరుసలోనే పేరున్న మనిషి. ఆనాడు అది రెండుసార్లు చేతిలోనే చిరిగింది. మూడోసారి ఎట్లాగో పెనం మీద పడింది. పెద్దబాపు ఆ వంకర రొట్టెను వంక పెట్టకుండా తిన్నారు.

కాలు నయం కాగానే ఆయన మళ్ళీ ఆ బాయిలోకే దిగారు. గండం గడిచిపోయిందని నిశ్చింతగా చెప్పుకునే రోజు బాయి మనుషుల ఇళ్ళలో ఉండదనీ, కాలం అక్కడ గడుస్తూ మాత్రమే ఉంటుందనీ నాకు అప్పుడు తెలిసింది.