కండక్టరు గారి ఎం.ఫిల్.

భాషాశాస్త్ర విభాగంలో రెండో అంతస్తు చివరి గదికి ‘పరిశోధక విద్యార్థులు’ అని బోర్డు ఉంటుంది. లోపల మూడు బల్లలు, మూడు కుర్చీలు. కిటికీ పక్క కుర్చీ కండక్టరు గారిది. దానికి ఒక కాలు పొట్టి. కింద మడతపెట్టిన అట్టముక్క ఉంటుంది. ఫ్యాను గాలి సరిగ్గా మెడ మీదికి వస్తుంది. కిందికి చూస్తే సైకిళ్ళ స్టాండూ, టీ బండీ, ఆ బండి దగ్గర ఎవరు ఎవరితో మాటలు మానేశారన్నదీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. అలాంటి చోటు వదిలి రమ్మంటే ఎవరికి మనసొప్పుతుంది?

వదిలి రమ్మనే అంటున్నాయి విశ్వవిద్యాలయం నిబంధనలు.

నిబంధనల పుస్తకాలు లోకంలో చాలా ఉన్నాయి. ఓడల్లో ఉంటాయి, జైళ్ళలో ఉంటాయి, ఆఖరికి పేకాట క్లబ్బుల్లో కూడా ఉంటాయి. ఓడలో నిబంధన మనిషి మునిగిపోకుండా చూస్తుంది. జైల్లో నిబంధన పారిపోకుండా చూస్తుంది. ఎం.ఫిల్. నిబంధన తీరే వేరు. లోపలికి రావడానికి రెండే తలుపులు పెట్టింది, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ. బయటికి పోవడానికి మాత్రం వరసగా తలుపులే. కోర్సు పరీక్షలు పాసవ్వాలి. ఆర్నెల్లకోసారి కమిటీ ముందు నిలబడి ఏం పని జరిగిందో అప్పజెప్పాలి. సమర్పణకు ముందు సెమినారు ఇవ్వాలి. థీసిస్ పేజీల పరిమితి దాటకూడదు. బయటి పరీక్షకుడు దాన్ని చదవాలి, ఆ పైన అందరి ఎదుటా వైవా. ఇదంతా రెండేళ్ళలో. అడిగితే ఒక ఏడాది పొడిగిస్తారు. గైడు సిఫారసు చేస్తే ఇంకో ఏడాది. ఆ తర్వాత వైస్ ఛాన్సలర్ దయ.

కండక్టరు గారు ఇప్పుడు వైస్ ఛాన్సలర్ దయ దాకా వచ్చారు.

ఆయన బస్సుల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు టికెట్లు కొట్టారు. మధ్యలో దూరవిద్యలో ఎం.ఏ. కూడా పూర్తిచేశారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది. అన్నేళ్ళు నిలబడి బతికిన మనిషికి కూర్చోవడం చేతకాలేదు. వంటింట్లో డబ్బాలన్నిటినీ ఎత్తు ప్రకారం నిలబెట్టారు. భార్య కూర తరుగుతుంటే వెనక నిలబడి ముక్క మందం చూశారు. మూడో నెల ఆవిడ కత్తి పక్కన పెట్టి చేతులెత్తి దణ్ణం పెట్టింది.

“ఏమండీ, మీకు పుణ్యముంటుంది. పోయి ఏదైనా చదువుకోండి.”

అలా పుట్టింది పరిశోధన. అంశం, బస్సులో ప్రయాణికులు కండక్టర్ని పిలిచే పిలుపులు. ఎక్కేటప్పుడు ‘అన్నా’. సీటు కావాల్సి వస్తే ‘బాబాయ్’. చిల్లర రావాల్సి ఉంటే ‘కండక్టరు గారూ’. చిల్లర చేతిలో పడ్డాక ఏ పిలుపూ లేదు. స్టాపు దాటిపోయిందా, ‘ఏవయ్యా!’ ఇది మంచి విషయమేనని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని నాలుగేళ్ళు కావస్తోంది.

గైడు మేడమ్ ఆయన కూతురికన్నా చిన్నది. ఆవిడకి ఆయన్ని గట్టిగా అనడానికి నోరు రాదు, అనకుండా ఉండటానికి ఓపిక చాలదు.

“కండక్టరు గారూ, ముగింపు అధ్యాయం ఏదండీ?”

“వస్తోంది మేడమ్. నిన్న బస్సులో ఒకావిడ ‘నాయనా’ అంది. ఆ ‘నాయనా’ని ఏ వర్గంలో పెట్టాలో తేలట్లేదు.”

“కిందటిసారి ‘తమ్ముడూ’ తేలలేదన్నారు.”

“అది తేలింది మేడమ్. దానికి వేరే అధ్యాయం రాసేశాను.”

మేడమ్ నుదురు పట్టుకుంది. “మీరు కొట్టేయాల్సిన పేజీలతో ఇంకొకరికి డిగ్రీ ఇవ్వొచ్చండీ!”

అసలు సంగతి ఆయనకీ తెలుసు. ముగింపు రాయలేక కాదు, రాయడం ఇష్టం లేక. రాస్తే కుర్చీ పోతుంది. కుర్చీ పోతే మళ్ళీ ఇల్లే. ఇంట్లో మాత్రం ఆయన్ని తొందరపెట్టేవాళ్ళు లేరు.

“అయిపోతే ఇంక ఇంట్లోనే ఉంటారా?” అనడిగింది భార్య ఒకసారి.

“ఇంకెక్కడికి పోతాను?”

ఆవిడ వంటింటి వైపు ఒకసారి చూసుకుంది. “అంత తొందరేమొచ్చింది? చదువన్నాక నిదానంగా సాగాలి.”

ఆ ఏడాది మొదట్లో వరండా బల్ల మీద ఒక టీచరమ్మ కనిపించసాగింది. హైస్కూల్లో భాష చెబుతుంది, కవల పిల్లల తల్లి, సెలవు పెట్టి ఎం.ఫిల్.కి వచ్చింది. పరీక్షా ఇంటర్వ్యూ రెండూ నెగ్గింది. పేరు మాత్రం ఇంకా నమోదు కాలేదు. నమోదు కానివాళ్ళు గదిలో కూర్చోకూడదని నిబంధన. జాలిపడి కండక్టరు గారు తన కుర్చీని గడప దాకా లాక్కొచ్చారు. ఆయన గదిలో, ఆవిడ వరండాలో, ఆవిడ దిద్దిపెట్టే ఆయన థీసిస్ కాయితాలు మధ్యలో. ఎవరూ ఏ నిబంధనా దాటలేదు.

“బాబాయిగారూ, ఈ పేరా మూడుచోట్ల ఉంది. రెండు కొట్టేస్తున్నా.”

“కొట్టెయ్యమ్మా.”

“ఇక్కడితో అధ్యాయం అయిపోయినట్టేగా?”

“ఇంకొంచెం ఉందమ్మా.”

ఆవిడ పెన్సిలు కొరికేది. ఒకరోజు ఆయనే అడిగారు, “నీ అడ్మిషన్ ఏమయిందమ్మా?” అని.

“ఖాళీ రావాలి బాబాయిగారూ.”

“వస్తుందిలే, దిగులు పడకు,” అని ధైర్యం చెప్పి టీకి వెళ్ళారు.

గడువు దగ్గర పడ్డాక కండక్టరు గారు పొడిగింపు దరఖాస్తు రాసుకుని కింద ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి సూపరింటెండెంటుని అందరూ ‘క్లాజు’ అంటారు. ఎదురుగా ఎవరు తుమ్మినా అది ఏ క్లాజు కిందికి వస్తుందో చెప్పందే ఊరుకోడు.

“మళ్ళీనా గురువుగారూ!”

“వైస్ ఛాన్సలర్ గారి దయ అని పుస్తకంలో మీరే వేశారు కదండీ.”

“ఆయనకి దయ ఉంది. మీకే లేదు.”

“అదేం మాట?”

క్లాజు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. “ఒక గైడు దగ్గర ముగ్గురికి మించి ఉండకూడదు, క్లాజుంది. మేడమ్ దగ్గర ముగ్గురున్నారు, అందులో మీరొకరు. వరండాలో కూర్చుందే ఆ టీచరమ్మ, ఆవిడ నాలుగో మనిషి. ఈ టర్ము దాటితే ఆవిడ సెలెక్షన్ రద్దవుతుంది. బడి వాళ్ళిచ్చిన సెలవూ పోతుంది.”

కండక్టరు గారు దరఖాస్తు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. “నాకెవరూ చెప్పలేదే!”

“మేడమ్ వద్దన్నారు. పెద్దాయన్ని మెడపట్టి గెంటినట్టుంటుందని.”

దరఖాస్తు చేతిలోనే ఉండిపోయింది. మెట్లెక్కుతుంటే ముందు సిగ్గేసింది. మలుపు తిరిగేసరికి ఉక్రోషం వచ్చింది. సీటు కావాల్సినవాళ్ళు బాబాయ్ అంటారని రాసింది ఎవరు? అధ్యాయం మొత్తం ఆయనదే. ఇన్ని నెలలు ఎదురుగా కూర్చుని అదే పిలుపు పిలుస్తుంటే పోల్చుకోలేకపోయారు!

వరండాలో టీచరమ్మ ఆయన పుస్తకాల జాబితా సరిచేస్తోంది.

“ఏమ్మా, నా కుర్చీ కోసమేనా నన్ను బాబాయ్ అన్నావు?”

ఆవిడ నీళ్ళు నమలలేదు. “మొదటి వారం అందుకేనండీ. చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే రాసేస్తారేమోనని.”

“తర్వాతో?”

“తర్వాతా కుర్చీ కోసమే. కానీ మధ్యలో మీ మీద కోపం కూడా వచ్చింది. పరాయివాళ్ళ మీద అంత కోపం రాదు బాబాయిగారూ. మా పిల్లలు పొద్దున్నే లేచి ‘తాతగారు రాశారా’ అని అడుగుతున్నారు. మా ఆయనైతే మిమ్మల్ని ‘ముగింపు’ అనే అంటున్నాడు.”

ఆయనకి నవ్వొచ్చింది. రాకూడదని పళ్ళు బిగబట్టారు గానీ మీసం కదిలింది.

“ఒక్క మాట నాతో అని ఉండొచ్చుగా?”

“అంటే లేచేవారా?”

కండక్టరు గారు నిజాయితీగా ఆలోచించారు. “లేచేవాణ్ణి కాదు. లేవబోతున్నట్టు నటించేవాణ్ణి.”

దరఖాస్తు నాలుగు ముక్కలైంది. సాయంత్రం ఇంట్లో సంగతంతా చెప్పారు. భార్య నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“కవల పిల్లల తల్లిని గుమ్మం బయట కూర్చోబెట్టి రాయించుకున్నారా? సిగ్గులేదూ!”

“నిదానంగా సాగాలన్నది నువ్వేగా?”

“నాకేం తెలుసు? తెండి ఆ కాయితాలు!”

ఆ వారం ఆ ఇంట్లో జరిగినంత కోత ఏ కత్తీ కోసి ఉండదు. భార్య చదవడం, “ఇది ఎవరికి కావాలి?” అనడం, అడ్డంగా గీత పెట్టడం. ‘తమ్ముడూ’ పోయింది. ‘నాయనా’ అడుగున చిన్న గమనికైంది. కొట్టేసిన పేజీలు ఆయనే ఏరి పక్కన పెట్టారు. చివర్న ముగింపు ఒక్క బిగిన రాసేశారు, రెండు పేజీలు కూడా లేదు. అందులో ఒక వాక్యం ఇదీ: “అవసరం తీరిన తర్వాత పిలుపు ఏమవుతుందో ఈ పరిశోధన చెప్పలేదు. అప్పటికి కండక్టరు ముందు సీట్ల దగ్గరికి వెళ్ళిపోయి ఉంటాడు.”

మేడమ్ ఆ వాక్యం రెండుసార్లు చదివి ఏమీ కొట్టెయ్యలేదు. వెంటనే సెమినారు పెట్టించింది, టర్ము ముగిసేలోపు థీసిస్ సమర్పించేలా చూసింది. సమర్పించగానే ఖాళీ వచ్చినట్టే లెక్క. మధ్యాహ్నానికల్లా క్లాజు టీచరమ్మ పేరు నమోదు చేశాడు. కండక్టరు గారు ఫ్లాస్కూ, గొడుగూ తీసుకుని లేచి నిలబడ్డారు. ఆవిడ కూర్చుంది.

“అమ్మో, ఈ ఫ్యాను గాలి మెడకి కొడుతోందే! ఇన్నాళ్ళూ ఎలా కూర్చున్నారు బాబాయిగారూ?”

“సుఖంగా,” అన్నారాయన. వంగి కుర్చీ కాలు కింద అట్టముక్క సర్ది గడప దాటారు.

వైవా రోజున గది నిండింది. వైవా అందరి ఎదుటా జరగాలి, వచ్చినవాళ్ళెవరైనా ప్రశ్న వేయొచ్చు, అభ్యర్థి జవాబు చెప్పాలి. పరీక్షకుడు ముగింపు పేజీ తీశాడు.

“అవసరం తీరాక ఏమవుతుందో చెప్పలేదన్నారు. ఇది లోపం కాదా?”

“లోపమేనండీ. ఇంకో ఏడాదిస్తే...”

మేడమ్ గట్టిగా దగ్గింది.

“...వద్దులెండి,” అన్నారు కండక్టరు గారు.

నవ్వులు ఆగాక వెనక వరసలోంచి ఒక చెయ్యి లేచింది. చూస్తే ఆయన భార్య.

“ఈయన పెళ్ళయినప్పటి నుంచీ నన్ను ‘ఇదిగో’ అనే పిలుస్తున్నారు. దాని సంగతి ఇందులో ఎక్కడైనా రాశారా అండీ?”

జవాబు చెప్పి తీరాలి. కండక్టరు గారు చెమట తుడుచుకున్నారు. “అది పరిశోధన పరిధిలోకి రాదండీ.”

“అదీ సంగతి,” అని ఆవిడ కూర్చుంది. పరీక్షకుడు నవ్వు దాచుకోవడానికి తల వంచి సంతకం పెట్టేశాడు.

ఇక మిగిలింది పట్టా కాయితం. దానికి ఏ విభాగానికీ బాకీ లేరని సంతకాలు తెచ్చుకోవాలి. లైబ్రరీ, హాస్టలు, ఆరోగ్య కేంద్రం, ఆటల విభాగం, ఇంకా ఏవేవో.

“నేను హాస్టల్లో ఎప్పుడూ లేనే,” అన్నారు ఆయన.

“లేరని వాళ్ళు సంతకం పెట్టాలి,” అన్నాడు క్లాజు.

కాళ్ళకి చెప్పులేసుకుని బయల్దేరారు. నాలుగేళ్ళుగా ఆయన ఎరిగింది ఒక గది, ఒక కిటికీ, ఒక టీ బండి. ఇప్పుడు చూస్తే ఆవరణ ఒక ఊరంత ఉంది. హాస్టల్ వార్డెను ఆయన్ని కూర్చోబెట్టి వంటవాళ్ళ తగాదా మొదటి నుంచీ చెప్పాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ సంతకంతో ఊరుకోక రక్తపోటు కూడా చూసింది. వృక్షశాస్త్రం వాళ్ళ గాజు ఇంట్లో తోటమాలి ఒక మొక్కని ఏ పేరుతో పిలవాలో తేల్చమన్నాడు. అది తేలేసరికి పొద్దు వాలింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

“సంతకాలయ్యాయా?” అంది భార్య.

“ఆటల విభాగం ఒక్కటే మిగిలింది. రేపు వెళ్ళాలి.”

“వాళ్ళు రేపు రమ్మన్నారా, మీరే రేపొస్తానన్నారా?”

ఆయన మంచినీళ్ళు తాగారు. గ్లాసు దించి మెల్లగా అన్నారు, “అక్కడ పోటీలప్పుడు స్కోరు రాసే మనిషి లేడట.”

“ఏ ఆటకి?”

“అడగలేదు. రేపు కనుక్కుంటాను.”

ఆవిడ ఖాళీ గ్లాసు అందుకుంది. “ఎండలో నిలబడాలేమో, టోపీ ఒకటి కొనుక్కోండి,” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.